గడి పదకొండు

మా కంపెనీ ఫారంలో పదకొండో గడి ఇలా ఉంటుంది:
వాహనానికి మంట తగిలిందా? అవును. కాదు.
ఒకదాని చుట్టూ సున్నా చుట్టాలి.
సెగ అన్న మాట ముందు పేజీలోనూ లేదు, వెనక పేజీలోనూ లేదు.

ఆ ఆగస్టులో నేను చూసిన పద్నాలుగో బండి అది.
వాలె ద మౌరా, పోర్చుగల్ నడిబొడ్డున
మ్యాపు మీద వేలితో వెతుక్కోవాల్సిన ఊరు.
దారి పొడవునా నీలగిరి చెట్లు
నిలబడ్డవి నిలబడ్డట్టే బొగ్గయిపోయాయి.
అద్దాలు బిగించుకున్నా ఫ్లాస్కులో కాఫీకి బూడిద రుచి.

తెల్ల వ్యాను. రొట్టెల వ్యాను.
కుడివైపు నుంచి చూస్తే నిన్ననే కడిగి పెట్టినట్టుంది.
ఎడమవైపు తిరిగాను.
హెడ్‌లైటు కారి బంపరు మీద పేరుకుంది.
బంపరు దాహమేసిన కుక్కలా నాలుక చాపింది.
పక్క అద్దం తల వేలాడేసి నేలను చూస్తోంది.
తలుపు మీద రాసిన యజమానురాలి పేరు
ముందు సగం పొక్కులెత్తి ఊడిపోయింది,
దియోలిందాలో లిందా మాత్రం మిగిలింది.
మా భాషలో అందగత్తె అని.
ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఎనిమిది అడుగుల అవతల
పొరుగాయన కట్టెల కొట్టం ఉండిన చోటు, నల్లటి చతురస్రం.

"మంట తగిలిందా?" పెన్ను మూత తీశాను.
"గోడ దగ్గరే ఆగింది. పైపు పట్టుకుని నేనక్కడే ఉన్నాను."
తగిలిందని ఒక్క మాట అంటే సరిపోయేది.
అబద్ధం ఆమెకు చేతకాలేదో, తోచలేదో.
"అయితే అది సెగ, దోనా దియోలిందా. సెగకి పాలసీలో చోటు లేదు."

లోపలికెళ్లి ఒక రొట్టె తెచ్చి
నా ఫారం మీదే పెట్టింది. ఇంకా వేడిగా ఉంది.
"ఇది కాలిందా?"
"కాలింది."
"మంట తగిలిందా?"

"ముప్పై ఒక్కేళ్లుగా కాలుస్తున్నాను.
నిప్పంతా లాగేసి, బూడిద ఊడ్చేసి,
తడిగుడ్డతో తుడిచాకే పిండి లోపల పెడతాం.
మంట మొహం ఎరగదు ఏ రొట్టే."

నా దగ్గర జవాబు లేదు. టార్చి ఉంది.
కంకర మీద మోకాళ్లూని నలభై నిమిషాలు
ఆ బండి ఒళ్లంతా వెతికాను,
తల్లి బిడ్డ తలలో పేలు వెతికినట్టు.
వైపరు రబ్బరు మీద, ఆవగింజంత బొక్క.
ఎగిరొచ్చిన నిప్పురవ్వ కావచ్చు.
ఆరేళ్ల కింద ఎవరో నలిపిన సిగరెట్టూ కావచ్చు.
పక్కన అయిదు సెంట్ల నాణెం పెట్టి ఫోటో తీశాను.
అవును చుట్టూ సున్నా చుట్టాను.
సున్నా కొంచెం వంకరగా వచ్చింది.

కంపెనీ ఒప్పుకుంది, ఒప్పుకున్నట్టే ఒప్పుకుని
బండి వయసు పేరు చెప్పి సగం కోసేసింది,
మిగిలిన సగంలోంచి మినహాయింపు రెండువందల యాభై.
ఆ మోడలు తయారీ ఆగి చాలా కాలమైంది.
మెకానిక్ అర్మిందు మూడు తుక్కు దుకాణాలు తిరిగి
ఎక్కడిదో నీలం చెంప, ఎక్కడిదో ఎర్ర బంపరు తెచ్చి
తిట్టుకుంటూ బిగించాడు.
అయిదు వారాలు.
అయిదు వారాలు నాలుగు కొండ ఊళ్లకి రొట్టె ఎక్కలేదు.
దానికి గడి లేదు.
నేనూ అడగలేదు.

నవంబరులో వేరే పని మీద అటు వెళుతుంటే
మలుపు అవతల హారను, ఆగకుండా, పొడుగ్గా.
తెల్లదీ నీలందీ ఎర్రదీ ఒకే బండి.
తలుపు మీద లిందా అలాగే ఉంది,
ముందు సగం రాయించుకోలేదు.
నన్ను గుర్తుపట్టి ఆపింది,
కిటికీలోంచి ఒక రొట్టె అందించింది.
తిప్పి చూశాను. అడుగు నల్లగా మాడింది.

"కొత్త కుర్రాడు నిప్పు సరిగా ఊడవలేదు," అంది.
"దీనికి మాత్రం మంట తగిలింది. రాసుకో."

డబ్బులు తీసుకుంది, చిల్లరతో సహా లెక్కపెట్టి.